బండలున్న అడవి లూప్ ఎలా తొక్కాలి: రోడ్డు మీద నుంచి వచ్చినవాళ్ళకి నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఏడాదిగా రోడ్డు సైకిల్ తొక్కుతున్నారు, బెంగళూరు దగ్గరి నంది కొండ ఎక్కడా ఆగకుండా ఎక్కేస్తున్నారు. ఈ మధ్య 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిల్) కొని స్నేహితుల వెంట బండలున్న అడవి లూప్‌కి వెళ్ళారు. సగం దూరం దిగి నెట్టుకుంటూ నడవాల్సి వచ్చింది, దిగుడులో చేతులు తిమ్మిరెక్కాయి, వెనక ట్యూబు రెండుసార్లు పోయింది. ఒంట్లో బలం చాలడం లేదా, లేకపోతే వెనక కూడా సస్పెన్షన్ ఉండే ఫుల్ సస్పెన్షన్ సైకిల్ కొనాలా అని ప్రశ్న.

బలం సరిపోతుంది, సైకిలూ సరిపోతుంది. లూప్ మొత్తం ఒకే ఊపులో పూర్తి చేయాలన్న పట్టుదలని మాత్రం కొన్నాళ్ళు పక్కన పెట్టండి. బండల దారిని ముక్కలు ముక్కలుగా నేర్చుకోవాలి, కష్టమైన ముక్క దగ్గర ఆగి, అదే ముక్కని మళ్ళీ మళ్ళీ తొక్కాలి. చాలాకాలంగా బెంగళూరు చుట్టుపక్కల ఇలాంటి దారుల్లో తొక్కుతున్నాను, కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్తుంటాను, ఎవరికైనా మొదట చెప్పేది ఇదే.

నంది ఎక్కడానికీ దీనికీ పోలిక లేదు. అక్కడ దాదాపు 8 కిలోమీటర్ల తారు రోడ్డు, ఊపిరి ఒక లయలో పడిందంటే కాళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి, కళ్ళకి పెద్దగా పని ఉండదు. ఇక్కడ పది సెకన్లు ఉన్న శక్తంతా పెట్టాలి, మరుక్షణం తొక్కడం ఆపి పెడళ్ళ మీద నిలబడి సైకిల్‌ని దాని మానాన కదలనివ్వాలి, ఆ వెంటనే జానెడు ఎడమకి జరగాలి, ఇదంతా జరుగుతుండగానే కళ్ళు ఇంకో నాలుగైదు మీటర్ల ముందు ఏముందో చూస్తుండాలి. మంచి దమ్మున్న రోడ్డు రైడర్లు ఇక్కడ మొదటి అరగంటలోనే అలిసిపోవడం చాలాసార్లు చూశాను. ప్రతి రాయినీ బలంతో గెలవాలనుకోవడమే అందుకు కారణం. దారి చూడకుండా గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోతే ఎంత బలమున్నా చాలదు.

అందుకని ఈసారి వెళ్ళినప్పుడు, దిగి నడవాల్సి వచ్చిన చోట సైకిల్‌ని చెట్టుకి ఆనించి, ఖాళీ చేతులతో ఆ ముక్కంతా నడవండి. కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి. పై నుంచి చూస్తే నిలువుగా కనిపించి భయపెట్టిన బండ, కిందికెళ్ళి తిరిగి చూస్తే సగం వాలు కూడా ఉండదు. కొన్నిసార్లు దీనికి వ్యతిరేకం, పై నుంచి తేలిగ్గా కనిపించిన దానికి కింద చదునైన నేల లేకుండా నేరుగా గుంట ఉంటుంది. నడిచేవాళ్ళకి తప్ప ఇది తెలియదు.

నడిచేటప్పుడు బండ మీది గుర్తులు చూడండి. వాలు బండ మీద నల్లటి రబ్బరు చారలు కనిపిస్తే అక్కడ జనం కంగారుపడి వెనక బ్రేకు బిగించి టైరు ఈడ్చారన్నమాట. ఆ చార మొదలయ్యే చోటికి ముందే మీ వేగం తగ్గి ఉండాలి. బండ అంచు మీద తెల్లటి గీతలు, చిన్న చిన్న పంటి గాట్లు కనిపిస్తే అవి చైన్‌రింగు (పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం), పెడళ్ళు గీసుకుపోయినవి. ఆ గీతలు ఉన్నచోట లైను, అంటే చక్రాలు పోయే దారి, తప్పు, సాధారణంగా దానికి అటో ఇటో జానెడు దూరంలో గీతల్లేని చోటు ఒకటి దొరుకుతుంది. ఎవరూ నేర్పకపోయినా ఆ బండే చెప్తుంది, చూసే ఓపిక ఉండాలంతే.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇలాంటిది ఇక్కడి దారులన్నిటిలోనూ ఉంటుంది. రెండు గుండ్రాళ్ళ మధ్య సన్నటి సందు, సందు దాటగానే జానెడు ఎత్తున్న మెట్టు, మెట్టు కింద అడ్డంగా ఒక వేరు, వేరుకి ఎగువన ఎండాకులు పేరుకుని ఉంటాయి. కొత్తవాళ్ళ కళ్ళు నేరుగా మెట్టు మీదికే పోతాయి, ఎక్కడం కుదరక దిగిపోతారు. అసలు ఇబ్బంది మెట్టు కాదు, వేరు. ఏటవాలుగా ఉన్న వేరు మీదికి ముందు చక్రం పక్కవాటంగా వచ్చిందంటే జారి తిన్నగా గుండ్రాయికి తగులుకుంటుంది. వేరుని నిలువుగా, వీలైనంత లంబకోణంలో దాటాలి. అలా దాటాలంటే సందులోకి రాకముందే రెండు మీటర్ల వెనక నుంచే కుడికి వెడల్పుగా తిరిగి రావాలి. ఆకుల్ని కాలితో పక్కకి నెట్టి కింద ఏముందో చూడండి, అవి కప్పిన గుంటలోనే చక్రం ఇరుక్కుంటుంది. ఆ తర్వాత మెట్టు: ముందు చక్రం మెట్టుకి ఒక అడుగు దూరంలో ఉండగా, బలమైన కాలు ముందుకి ఉంచి ఒక సగం తొక్కు గట్టిగా తొక్కుతూ, మోచేతులు చాపి హ్యాండిల్‌ని పైకి లాగండి. చక్రం మెట్టెక్కగానే ఛాతీని హ్యాండిల్ మీదికి తెచ్చి బరువంతా ముందుకి వేయండి. వెనక చక్రం తనంతట అది ఎక్కుతుంది, దాన్ని ఎత్తాల్సిన పని లేదు, దాని మీద మీ బరువు లేకపోతే చాలు. చాలామంది ముందు చక్రం ఎక్కగానే సంతోషంతో సీటు మీద కూలబడతారు, వెనక చక్రం అక్కడే ఆగిపోతుంది.

సైకిల్ పెడళ్ళు రాళ్ళకి తగులుతున్నాయంటే పూర్తి చుట్టు తొక్కకండి. సగం తొక్కి, వెనక్కి తిప్పి, మళ్ళీ సగం తొక్కాలి. ఇది ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో పార్కింగ్ గీత మీద నడక కన్నా నెమ్మదిగా పోవడం, ఒక ఇటుక మీదుగా ముందు చక్రం ఎత్తి దాటించడం, ఆగి కాలు కింద పెట్టకుండా రెండు మూడు సెకన్లు నిలబడడం, రోజూ పావుగంట. నెల తిరిగేసరికి అడవిలో తేడా తెలుస్తుంది.

ఇక పంక్చర్ల సంగతి. ట్యూబుకి పక్కపక్కనే రెండు చీలికలు ఉన్నాయా? అయితే అది ముల్లు కాదు, దాన్ని పాము కాటు పంక్చర్ అంటారు. రాయి అంచుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగితే అలా అవుతుంది. కొంతమంది దీనికి భయపడి గాలి 50 పీఎస్‌ఐ కొట్టించుకుని వస్తారు. అప్పుడు పంక్చర్ కాదు గానీ టైరు ప్రతి రాయి మీదా ఎగిరిపడుతుంది, పట్టు ఉండదు, చేతులు వణుకుతాయి. 70 కిలోల మనిషికి, 2.25 అంగుళాల టైరుకి, లోపల ట్యూబు ఉంటే ముందు 26, వెనక 29 దగ్గర మొదలుపెట్టండి. రిమ్ము తగిలిన చప్పుడు వస్తే రెండు పెంచండి. రిమ్ములు ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేవైతే ఎక్కువ ఆలోచించకుండా మార్చుకోండి, అప్పుడు ముందు 21, వెనక 24 దాకా దిగొచ్చు, తుమ్మ ముళ్ళ బాధ కూడా పోతుంది. ట్యూబ్‌లెస్ టైరు లోపల పోసే, చిల్లుల్ని మూసే సీలెంటు ద్రవం మన ఎండలకి త్వరగా ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి పోయించుకోవాలి. పంపు మీటర్లు ఒకదానికొకటి పొంతన ఉండవు, ఎప్పుడూ ఒకే మీటరుతో చూసుకోండి.

చేతుల తిమ్మిరి రావడానికి కారణం ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్) కాదు, మీ బరువు చేతుల మీద ఉండడం. దిగుడులో బరువు పాదాల మీద ఉండాలి. రెండు పెడళ్ళూ ఒకే మట్టంలో, మడమలు కిందికి దించి, మోకాళ్ళు కాస్త వంచి, మోచేతులు పక్కలకి తెరిచి, నడుము దగ్గర వంగి నిలబడండి. హ్యాండిల్‌ని గట్టిగా బిగించి పట్టుకోకూడదు, సైకిల్ మీ కింద అటూ ఇటూ కదలాలి, మీరు కదలకూడదు. అన్నట్టు, దిగుడంటే పూర్తిగా వెనక్కి వాలిపోవాలని ఎవరో ఒకరు చెప్తుంటారు, నేను ఒప్పుకోను. అంత వెనక్కి పోతే ముందు చక్రం మీద బరువు లేక తిప్పిన వైపు తిరగదు. మరీ నిలువైన బండ దిగే ఆ రెండు క్షణాలకి మాత్రమే వెనక్కి, మిగతా అంతా మధ్యలోనే.

సీటు ఎత్తు కూడా చూసుకోవాలి. రోడ్డు మీద పెట్టుకున్నంత ఎత్తు ఉంచుకుని దిగితే అది కడుపులోకి తన్నుతుంది, వంగడానికి చోటుండదు. డ్రాపర్ పోస్టు (మీట నొక్కితే సీటు దిగే గొట్టం) ఉంటే సరే, లేదంటే సీటు గొట్టం మీద ఎక్కే ఎత్తు దగ్గర ఒక టేపు ముక్క చుట్టి, దిగుడు మొదలయ్యే చోట ఒక ఆరేడు సెంటీమీటర్లు దించుకోండి. అర నిమిషం పని.

బ్రేకు ఒక్క వేలితో. డిస్క్ బ్రేకులకి చూపుడు వేలు ఒక్కటే చాలు, మిగతా వేళ్ళు హ్యాండిల్‌ని పట్టుకోవడానికి కావాలి. లివరు వేలికి అందకపోతే దాన్ని కాస్త లోపలికి జరిపించుకోండి, లివరు దూరం తగ్గించే చిన్న మర చాలా బ్రేకులకి ఉంటుంది. ముందు బ్రేకంటే భయపడకండి, ఆపే శక్తిలో ఎక్కువ భాగం దానిదే, పొడి బండ మీద అది నమ్మదగింది. ఎక్కడ వేయాలన్నదే అసలు విషయం. పట్టు ఉన్నచోట వేసి వేగం తగ్గించుకుని, రాళ్ళ గుంపులోకి వెళ్ళేటప్పుడు వదిలేయాలి. రాయిని ఢీకొనే క్షణంలో ముందు బ్రేకు బిగిసి ఉంటే హ్యాండిల్ మీదుగా ముందుకి పడతారు.

కొన్ని మెట్లు అసలు దొర్లించుకుంటూ దిగకూడనివి. మెట్టు ఎత్తు చక్రం ఇరుసుకి సమానంగా ఉండి, కింద వాలు లేకుండా చదునైన నేల ఉంటే, ముందు చక్రం కిందికి దిగగానే చైన్‌రింగు అంచుకి తగులుకుని సైకిల్ ఆగిపోతుంది, మీరు ఆగరు. 29 అంగుళాల చక్రానికి ఇరుసు ఎత్తు దాదాపు 37 సెంటీమీటర్లు. అంతకన్నా చాలా తక్కువ ఎత్తు మెట్లకి కూడా చైన్‌రింగు తగలొచ్చు. అలాంటివి పక్క నుంచి నడిచి దిగండి, ఎవరేమనుకుంటారోనని ఆలోచించొద్దు. ఈ దారుల్లో బాగా తొక్కేవాళ్ళు కూడా తమకి నచ్చని రోజు దిగి నడుస్తారు.

మన నేల గురించి రెండు మాటలు. బెంగళూరుకి పడమర, దక్షిణాన ఉన్న బండలు చాలా పాతవి, రామనగర పాత పేరు మీద క్లోజ్‌పేట గ్రానైట్ అని పిలిచే ఆ వరస వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. పెద్ద పెద్ద పలుకులున్న రాయి కాబట్టి పొడిగా ఉన్నప్పుడు టైరుకి గట్టి పట్టు ఇస్తుంది, మీరు ఊహించని వాలు కూడా ఎక్కొచ్చు. అయితే అదే రాయి శిథిలమై బరక ఇసుకగా రాలి బండ మీదే పరుచుకుంటుంది. ఆ పలుకులు టైరు కింద దొర్లుతాయి. వాటి మీద తిప్పకూడదు, బ్రేకు వేయకూడదు, నిటారుగా పోనివ్వాలి. వానలు పడి కొట్టుకుపోతే అదే బండ శుభ్రంగా ఉంటుంది, వేసవిలో నిండా ఇసుక ఉంటుంది. కాబట్టి పోయిన నెల తొక్కిన లైనే కదా అని ధీమాగా పోవద్దు. బండల మీద నిలువుగా కనిపించే నల్లటి చారలు నీళ్ళు కారే చోట్లు, పొడిగా ఉంటే ఏమీ కాదు, తడిస్తే సబ్బు రాసినంత జారుడు.

ఇక్కడ వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ. ఎర్రమట్టి తడిగా ఉన్నప్పుడు తొక్కితే టైరు నిండా అంటుకుని చక్రం తిరగదు, దానికన్నా ముఖ్యం, దారిలో లోతైన గాడి పడి ఆ తర్వాత నీళ్ళు అందులోనే పారి దారే కోసుకుపోతుంది. గట్టి వాన పడితే ఒకటి రెండు రోజులు ఆగండి. నన్నడిగితే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా నేర్చుకోవడానికి మంచి కాలం.

ఎక్కడ తొక్కాలన్నది జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం. కనకపుర రోడ్డు వైపు తురహళ్ళి అడవి ఊళ్ళోనే మిగిలిన చిన్న అడవి, బండలెక్కేవాళ్ళు, పక్షులు చూసేవాళ్ళు, ఉదయం నడకకి వచ్చేవాళ్ళు అందరూ దాన్ని ప్రేమిస్తారు. 2021లో అక్కడ ట్రీ పార్కు పెడతారన్నప్పుడు జనం గట్టిగా వ్యతిరేకించారు. అలాంటి చోట సైకిళ్ళకి అనుమతి, వేళలు అటవీ శాఖ నిర్ణయం, అవి మారుతుంటాయి, గేటు దగ్గర అడిగాకే లోపలికి వెళ్ళండి, వద్దంటే వాదించకుండా వెనక్కి రండి. యలహంక వైపు అవలహళ్ళి అడవిలో నీలగిరి చెట్ల మధ్య మట్టి దారులున్నాయి, వేగం, వంపులు నేర్చుకోవడానికి బాగుంటుంది, అక్కడా నియమాలు కనుక్కునే వెళ్ళండి. రామనగరలో రామదేవరబెట్ట 2012 నుంచి రాబందుల అభయారణ్యం, బన్నేరుఘట్ట జాతీయ పార్కులో ఏనుగులు తిరుగుతాయి. ఈ రెండు చోట్లకీ సైకిల్ తీసుకెళ్ళే ఆలోచనే వద్దు. కంచె తెగి ఉందనో, మ్యాపులో గీత కనిపించిందనో దూరకండి. కొత్త లైన్లు కొట్టకండి, కొమ్మలు నరకకండి, కష్టమైన రాయిని తవ్వి పక్కకి దొర్లించకండి. ఒక్కరు చేసిన పనికి అందరికీ గేటు మూతపడుతుంది, నాకు ఈ విషయంలో నిజంగా బాధ ఉంది.

తెల్లారక ముందు వెళ్ళకండి. తురహళ్ళి పరిసరాల్లో చిరుతలు కనిపించాయని వార్తలు వస్తుంటాయి, పాములైతే ఎక్కడైనా ఉంటాయి. బాగా వెలుతురు వచ్చాక బయల్దేరి ఎండ ముదరకముందే బయటికి రండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. ఒంటరిగా అస్సలు వద్దు, ఇద్దరైనా ఉండాలి, ముగ్గురుంటే ఇంకా మంచిది, ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుండి ఒకరు సాయానికి వెళ్ళొచ్చు. ఫోనులో లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్ళకి పెట్టండి, దారిలో సిగ్నల్ పోయే చోట్లు ముందే తెలుసుకోండి. అత్యవసరానికి 112. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం లాంటివి చేయకుండా కదలికలు తగ్గించి నేరుగా పెద్ద ఆసుపత్రికి. నడిచేవాళ్ళు ఎదురైతే ఆగండి, దారివ్వండి, కన్నడంలో ఒక నమస్కార చెప్తే ఊరివాళ్ళు ఎంతో ఆదరంగా మాట్లాడతారు.

వెంట తీసుకెళ్ళాల్సినవి ఎక్కువేమీ కావు. హెల్మెట్, వేళ్ళు నిండుగా ఉన్న గ్లవ్స్, మోకాలి ప్యాడ్లు (బండ మీద పడితే మొదట తగిలేది మోకాలే), రెండు లీటర్ల నీళ్ళు, ఒక ట్యూబు, పంపు, మల్టీటూల్, తెగిన చైనుని కలపడానికి మీ చైనుకి సరిపోయే క్విక్ లింకు. దీంతోపాటు మీ ఫ్రేముకి సరిపోయే డిరైలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే పరికరాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క) ఒకటి కొని సంచిలో పడేయండి. రాయి తగిలితే ముందు అదే వంగాలి, విరగాలి అని మెత్తటి అల్యూమినియంతో చేస్తారు, ఫ్రేముని బట్టి ఆకారం మారుతుంది కాబట్టి అప్పటికప్పుడు ఎక్కడా దొరకదు. ఇంకోటి, కడిగి ఆరబెట్టిన నందిని పాల ప్యాకెట్ ముక్క. రాయికి టైరు పక్క గోడ చీలితే లోపలి వైపు మడతలుగా పెట్టి ట్యూబు వేస్తే ఇంటిదాకా వస్తుంది.

ఫుల్ సస్పెన్షన్ గురించి అడిగారు. ఇప్పుడే వద్దు. హార్డ్‌టెయిల్ మీద తప్పు లైను ఎంచుకుంటే వెంటనే మీ కాళ్ళకి తెలుస్తుంది, దాంతో కళ్ళు త్వరగా నేర్చుకుంటాయి. ఒక ఏడాది తర్వాత ఇదే దారి ఇంకా వేగంగా తొక్కాలనిపిస్తే అప్పుడు చూడొచ్చు. దుకాణాల్లో తక్కువ ధరకి ముందూ వెనకా స్ప్రింగులు పెట్టి అమ్మే సైకిళ్ళు మాత్రం ఈ దారులకి పనికిరావు, బరువెక్కువ, స్ప్రింగు తన్ని పైకి విసురుతుంది. ఆ డబ్బు మంచి టైర్లకీ బ్రేకు ప్యాడ్లకీ పెట్టండి. మీ ఫోర్కు లాకవుట్ (ఫోర్కు కదలకుండా బిగించే మీట) తెరిచి ఉందో లేదో కూడా ఒకసారి చూడండి, రోడ్డు అలవాటులో మూసి ఉంచేవాళ్ళు చాలామంది. గాలి ఫోర్కు అయితే మీరు నిలబడ్డప్పుడు అది మొత్తం నొక్కుకుపోగల దూరంలో ఐదో వంతు నుంచి పావు వంతు దాకా కిందికి దిగాలి.

ఇక వారాల లెక్కన ఏం చేయాలంటే, మొదటి రెండు మూడు ఆదివారాలు లూప్ పూర్తి చేయొద్దు. మీరు దిగిపోయిన చోట్లలో తేలికైన రెండింటిని ఎంచుకోండి. నడిచి చూసి, లైను తేల్చుకుని, అలసట రాకముందే ఒక్కోదాన్ని వరసగా మూడుసార్లు కాలు కింద పెట్టకుండా దాటేదాకా అక్కడే ఉండండి. ఒక్కసారి దాటడం అదృష్టం కావచ్చు, మూడుసార్లు కాదు. వణుకు మొదలైందంటే ఆ రోజుకి చాలు, పడేది ఎక్కువగా అలసిన చివరి అరగంటలోనే. ఆ తర్వాత ఇంకో రెండు ముక్కలు. అవి కలిశాక లూప్ మొత్తం తొక్కండి, గడియారం చూడకండి. అది కూడా బాగా వచ్చాక అదే లూప్‌ని ఎదురు దిశలో తొక్కండి, ఎక్కుళ్ళు దిగుళ్ళవుతాయి, మీకు తెలిసిన ప్రతి రాయినీ కొత్తగా నేర్చుకోవాల్సి వస్తుంది. ఆ ఆనందం తారు రోడ్డు మీద నాకెప్పుడూ దొరకలేదు.

మీ బరువెంత, టైరు మీద రాసి ఉన్న సైజెంత, ఫోర్కు గాలిదా స్ప్రింగుదా, చీలిన ట్యూబు ఇంకా ఉంటే దాని ఫోటో ఒకటి పెట్టండి. గాలి ఎంత ఉండాలో సరిగ్గా లెక్క చెప్తాను.